తాళం పోయిందా? ముందు పాత చావి సంగతి చూడండి

బండి తాళం పోతే ఏం చేయాలని ఎవరినడిగినా మూడే సలహాలు వస్తాయి. జేబులన్నీ ఇంకోసారి వెతుకు, ఇంట్లో స్పేర్ ఉందేమో చూడు, లేకపోతే చావీవాలాని పిలువు. మూడూ మంచి సలహాలే, కాదనను. కానీ మూడింటికీ కావాల్సింది ఒక్కటే, బండి మళ్ళీ స్టార్టవ్వడం. బండి స్టార్టయిందా, అమ్మయ్య, పనైపోయింది, పద ఆఫీసుకి లేటవుతోంది. నా గోల ఏంటంటే అసలు పని అక్కడే మొదలవుతుంది. పోయిన చావి ఎక్కడుందో మనకి తెలీదు. అది ఇంకా పనిచేస్తూనే ఉంది. దాని గురించి ఎవరూ ఒక్క ముక్క కూడా మాట్లాడరు.

మనమంతా సాఫ్ట్‌వేర్ పని చేసుకునే వాళ్ళం కాబట్టి మన భాషలోనే చెప్తాను. ఆఫీసు లాప్‌టాప్ ఆటోలో మర్చిపోయారనుకోండి. ఐటీ వాళ్ళకి ఫోన్ చేస్తే వాళ్ళు మొదట చేసేది కొత్త లాప్‌టాప్ ఇవ్వడమా? కాదు. పాతదాన్ని నెట్‌వర్క్ నుంచి బయటికి తోసేస్తారు. పాస్‌వర్డ్ మార్పిస్తారు, వీపీఎన్ సర్టిఫికేట్ రద్దు చేస్తారు, లాగిన్ సెషన్లన్నీ తెంపేస్తారు. కొత్త లాప్‌టాప్ సంగతి ఆ తర్వాత, అదీ మేనేజర్ అప్రూవల్ వచ్చాక, ఏ వచ్చే వారమో :) ప్రొడక్షన్ సర్వర్ కీ ఒకటి బయటికి పొక్కితే "ఏం పర్లేదు, మనకింకో కాపీ చేసుకుందాం" అనేవాణ్ణి మీటింగులో ఎలా చూస్తామో మీకు తెలుసు. అదే మీటింగులో కూర్చున్నవాళ్ళం సాయంత్రం బండి తాళం పోతే చేసేది మాత్రం సరిగ్గా అదే. కాపీ చేయించుకుని హాయిగా పడుకుంటాం.

ఇందులో కొంత తప్పు మన భాషది కూడా అని నా అనుమానం. తెలుగులో తలుపుకి వేసేదీ తాళమే, జేబులో వేసుకునేదీ తాళమే. "తాళం వేశావా" అంటే మొదటిది, "తాళం ఇటివ్వు" అంటే రెండోది. తాళంచెవి అనే చక్కటి మాట ఉన్నా మాట్లాడేటప్పుడు ఆ చెవి ఎగిరిపోతుంది. హైదరాబాద్‌లో ఆ తికమక లేకుండా చావి అంటాం. దాంతో ఇంకో గొడవ, బహువచనం చేస్తే చావులు అవుతుంది, వినేవాళ్ళు కంగారు పడతారు. అందుకని చావీలు అనే రాస్తాను, క్షమించండి. విషయం ఏంటంటే, "తాళం పోయింది" అన్నప్పుడు పోయింది చావి, మారాల్సింది తాళం. రెండింటికీ ఒకే మాట కావడంతో పోయినదాన్ని మళ్ళీ తెచ్చుకుంటాం, మారాల్సినదాన్ని అలాగే వదిలేస్తాం.

ఈ విషయానికి మా నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతం మంచి ప్రయోగశాల. ఒకవైపు నారాయణగూడ కూరగాయల మార్కెట్టు, ఇంకోవైపు చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ, త్యాగరాయ గానసభ, కాస్త ముందుకెళ్తే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమా హాళ్ళు. అశోక్‌నగర్ నిండా గ్రూప్స్‌కీ సివిల్స్‌కీ చదివే పిల్లల హాస్టళ్ళు, కోచింగ్ సెంటర్లు. 2020 ఫిబ్రవరిలో ఈ దారిలో మెట్రో మొదలైంది కాబట్టి బండి ఇక్కడ పెట్టి రైలెక్కి వెళ్ళేవాళ్ళు కూడా ఉన్నారు. ఇంత జనం, ఇన్ని జేబులు, ఇన్ని చావీలు. రోజూ కొన్ని పోక తప్పదు. అందుకే ఫుట్‌పాత్ మీద గొడుగు, దాని కింద చిన్న పెట్టె, వైరుకి గుత్తులు గుత్తులుగా వేలాడే బ్లాంకులు, వాటితో ఒక మనిషి కనిపిస్తాడు. ఆయనే చావీవాలా.

ఆయన పని ఎప్పుడైనా నిలబడి చూశారా? చేతిలో చావి ఉండి కాపీ కావాలంటే అదేం పెద్ద పని కాదు, మెషిన్ మీద రెండు నిమిషాలు. అసలు చావే లేనప్పుడు చూడాలి. ఖాళీ బ్లాంకుని తాళంలో పెట్టి గట్టిగా అటూ ఇటూ తిప్పబోతాడు. తిరగదు. కానీ లోపలి చిన్న పలకలు నొక్కుకున్న చోట బ్లాంకు మీద సన్నటి గుర్తులు పడతాయి. దాన్ని బయటికి తీసి ఎండకి పెట్టి చూస్తాడు. గుర్తు పడ్డ చోట ఆకురాయితో రెండు సార్లు రాస్తాడు. మళ్ళీ లోపల పెట్టి తిప్పుతాడు, మళ్ళీ తీసి చూస్తాడు. ఒక్కో గాడి సరైన లోతుకి రాగానే అక్కడ గుర్తు పడటం ఆగిపోతుంది. అన్ని చోట్లా ఆగిపోయిన క్షణాన తాళం తిరుగుతుంది. మన భాషలో చెప్పాలంటే ఇది డీబగ్గింగ్. లోపలి కోడ్ కనబడదు, ఇన్‌పుట్ ఇచ్చి ఎర్రర్ చూసి ఒక్కో లైను సరిచేసుకోవాలి. మానిటర్ లేకుండా, ఎండలో కూర్చుని, పక్కన కస్టమర్ "ఎంతసేపు భాయ్" అని గొణుగుతుండగా చేస్తాడు. నాకైతే ఆ పని మీద చాలా గౌరవం.

కానీ ఆయన మనకి తిరిగి ఇచ్చింది లోపలికి వెళ్ళే దారి మాత్రమే. పోయిన చావి దారి మూయలేదు. మనం మూయమని అడగలేదు కూడా.

"దొరికినవాడికి అది ఏ బండిదో ఎలా తెలుస్తుంది బాసూ" అంటారు. నిజమే, సిటీలో లక్షల బండ్లు. కానీ చావి సాధారణంగా ఎక్కడ పడిపోతుంది? బండి పెట్టిన చోటికి దగ్గర్లోనే. మీరు రేపు మళ్ళీ బండి పెట్టేదీ అక్కడే. కంపెనీ బొమ్మ చావి మీదే ఉంటుంది కాబట్టి ఏ మోడలో సగం తెలిసిపోతుంది. ఇక రిమోట్ ఉన్న కారు చావి అయితే వెతకక్కర్లేదు, బటన్ నొక్కితే కారే లైట్లు వెలిగించి "నేనిక్కడున్నా" అంటుంది. మనలో కొందరు ఇంకా ముందుకెళ్ళి కీచైన్ మీద బండి నంబరు రాయించుకుంటారు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఒకే చీటీ మీద రాసి రోడ్డున పారేసినట్టు.

సరే, విషయానికొద్దాం. చావి పోయిందని తెలిసిన మొదటి గంటలో ఏం చేయాలి?

అన్నిటికంటే ముందు బండిని ఉన్న చోట వదిలేసి ఇంటికి వెళ్ళిపోకూడదు. అందరూ చేసేది ఇదే, "రేపు పొద్దున స్పేర్ తెచ్చి తీసుకెళ్తాలే" అని. పోయిన చావి ఆ చుట్టుపక్కలే ఉన్నప్పుడు ఆ రాత్రి బండి కూడా అక్కడే ఉండటమంత ప్రమాదం ఇంకోటి లేదు. ఇంట్లో వాళ్ళనో రూమ్మేట్‌నో స్పేర్ పట్టుకురమ్మనండి. వచ్చేలోపు మీరు బండి దగ్గరే ఉండండి. వెళ్ళక తప్పకపోతే దగ్గర్లో హార్డ్‌వేర్ షాపులో ఒక గొలుసు, ఒక తాళంకప్ప కొని చక్రానికి వేసి వెళ్ళండి. ఆ తర్వాత నడిచిన దారి వెనక్కి నడవండి, చివరగా టీ తాగిన చోట, ఏటీఎం, మందుల షాపు అన్నీ అడగండి. దొరికిన చావిని షాపువాళ్ళ గల్లాపెట్టె దగ్గర ఇచ్చి వెళ్ళేవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నారు. కానీ అడిగేటప్పుడు "ఫలానా నంబరు బండి, అదిగో అక్కడ పెట్టాను" అని వివరాలన్నీ చెప్పకండి. "ఒక చావి దొరికిందా అన్నా" అంటే చాలు. దొరికితే వాళ్ళే చూపిస్తారు.

దొరకలేదు. స్పేర్ వచ్చింది. బండి స్టార్టయింది. ఇక్కడి నుంచే నేను చెప్పదల్చుకున్నది.

టూవీలర్ అయితే లాక్‌సెట్ మార్పించండి. ఇగ్నిషన్, పెట్రోల్ ట్యాంకు మూత, సీటు తాళం, ఇవన్నీ కలిపి ఒకే చావితో పనిచేసేలా సెట్టుగా దొరుకుతాయి. కాపీకి అయ్యే దానికంటే ఎక్కువే అవుతుంది, కానీ బండి ఖరీదు ముందు అదెంత? డబ్బులు కష్టమైతే కనీసం డిస్క్ బ్రేకుకో చక్రానికో వేరే తాళం పెట్టుకోండి, అది రెండో ఫాక్టర్ ఆథెంటికేషన్ అన్నమాట. కొన్ని బండ్లకి కొత్తప్పుడు చావీలతో పాటు నంబరు ఉన్న చిన్న రేకు బిళ్ళ ఇస్తారు. ఆ నంబరుతో చావి తయారు చేయించుకోవచ్చు. అందరూ దాన్ని చావితో పాటే రింగుకి తగిలించుకుని తిరుగుతారు. దాన్ని ఇవాళే తీసి ఇంట్లో దాచండి. బ్యాకప్ ఎప్పుడూ అదే డిస్క్ మీద పెట్టకూడదని మనకి ఎవరైనా చెప్పాలా?

కారు సంగతి వేరు. ఇప్పుడున్న చాలా కార్లలో ఇమ్మొబిలైజర్ ఉంటుంది. చావి తల భాగంలో బ్యాటరీ అక్కర్లేని చిన్న చిప్ ఉంటుంది. ఇగ్నిషన్ చుట్టూ ఉన్న తీగచుట్ట దానికి కరెంటు అందిస్తుంది, కారు ఒక ప్రశ్న అడుగుతుంది, చిప్ తన రహస్య సంఖ్యతో లెక్క కట్టి జవాబు చెప్తుంది. జవాబు సరైతేనే ఇంజన్ కంప్యూటర్ ఇంజన్ని నడవనిస్తుంది. అంటే ఇనుప ముక్క గాళ్ళు సరిపోయినా చిప్ లేకపోతే తలుపు తెరుచుకుంటుంది, బండి కదలదు. ఇందులో మనకి నిజమైన లాభం ఒకటుంది, ఏయే చావీలు చెల్లుతాయో కారు మెమరీలో ఒక జాబితా ఉంటుంది. జాబితా ఉందంటే దాన్లోంచి పేరు కొట్టేయొచ్చు. చాలా మోడళ్ళలో కొత్త చావి కలపడానికి వెళ్ళినప్పుడు ఉన్న చావీలన్నీ తెమ్మంటారు, తీసుకురానిది జాబితాలోంచి పోతుంది. పోయిన చావి ఆ రోజు నుంచి తలుపు తీస్తుందేమో గానీ కారు నడపదు. కాబట్టి షోరూంలో "డూప్లికేట్ కావాలండి" అని మాత్రం చెప్పి ఊరుకోకండి. "పోయినదాన్ని తీసేయండి, తీసేశాక మొత్తం ఎన్ని చావీలు రిజిస్టరయ్యి ఉన్నాయో చూపించండి" అని అడగండి. ఇదంతా రెండో చావి చేతిలో ఉండగానే చేయించుకోండి. ఒక్కటి మిగిలినప్పుడు ఇది ఒక పూట పని. అది కూడా పోతే కారుని ఇంకో బండికి కట్టి లాక్కెళ్ళడం, సొంతదారుని నేనే అని కాగితాలు చూపించుకోవడం, ఆర్డర్ పెట్టి ఎదురుచూడటం.

ఇక లారీ. మా నారాయణగూడలో లారీలు పెద్దగా కనబడవు, కానీ మన ఊళ్ళలో లారీ మీద బతికే ఇళ్ళు తక్కువేం కాదు. మనలో ఎంతమంది ఇంజనీరింగ్ ఫీజు బాబాయి లారీ ట్రిప్పుల్లోంచి, మామయ్య ట్రాక్టర్ అద్దెల్లోంచి వచ్చిందో ఎవరికి తెలుసు. కారు ఒక మనిషిది. లారీ షేర్డ్ అకౌంట్. సొంతదారు, డ్రైవరు, క్లీనరు, ఆటోనగర్‌లో మెకానిక్, లోడింగ్ దగ్గర బండి పక్కకి జరిపే కుర్రాడు, అందరి చేతులూ తగులుతాయి. లోన్ మీద కొన్నదైతే రెండో చావి ఫైనాన్స్ వాళ్ళ దగ్గర ఉండటం మనవైపు కొత్తేం కాదు. డ్రైవరు మానేసి వెళ్ళేటప్పుడు చావి అప్పజెప్పి వెళ్తాడు, మధ్యలో ఎప్పుడో అర్ధరాత్రి చావి విరిగితే దారిలో చేయించుకున్న కాపీ సంగతి అతనికే గుర్తుండదు. ఎవరూ దొంగలు కారు. కానీ బండి పోయిన రోజు అందరూ అనుమానితులే. లారీ పోతే ఒక వస్తువు పోయినట్టు కాదు, ఆ ఇంటి జీతం ఆగిపోతుంది, ఈఎంఐ మాత్రం ఆగదు.

అక్కడే ఇన్సూరెన్స్ గొడవ మొదలవుతుంది. బండి దొంగతనం అయితే క్లెయిముకి ఎఫ్ఐఆర్, ఆర్సీ, పాలసీ కాగితాలతో పాటు ఒరిజినల్ చావీలు కూడా తెమ్మంటారు. ఒక చావి లేదంటే "బండిలోనే వదిలేశారా" అనే ప్రశ్న వస్తుంది. బండిని కాపాడుకోవడానికి తగిన జాగ్రత్త తీసుకోవాలని పాలసీలో షరతు ఉంటుంది కాబట్టి ఆ ప్రశ్నకి చాలా బరువుంది. 2023 జూలైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన అశోక్ కుమార్ కేసు సరిగ్గా ఇలాంటిదే. డ్రైవరు చావి లారీకే వదిలేసి దారి కనుక్కోవడానికి దిగాడు, తిరిగి వచ్చేసరికి లారీ లేదు. ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిము కుదరదంది. కావాలని చేసిన నిర్లక్ష్యం కాదని చివరికి సుప్రీంకోర్టు 75 శాతం ఇవ్వమంది. గెలిచినట్టే. కానీ దిగువ కమిషన్ నుంచి ఢిల్లీ దాకా వెళ్ళి గెలిస్తే దక్కింది ముప్పావు వంతు.

ఇంకో మాట. ఆ కేసులో చావి ఎక్కడుందో అందరికీ తెలుసు. ఎప్పుడో పోయిన చావి విషయంలో అదీ తెలీదు. ఆరు నెలల కింద సినిమా హాల్లో చావి పోయిందని, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదని, ఇవాళ బండి పోయాక చెప్తే ఎవరు నమ్ముతారు? అందుకని చావి పోయిన రోజే లాగ్ రాసుకోండి. దగ్గర్లో పోలీస్ స్టేషన్లో ఒక కాగితం ఇచ్చి, అందినట్టు రాయించుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీకి ఒక మెయిల్ కొట్టండి, ఫలానా తేదీన ఫలానా చోట ఒక చావి పోయింది అని. తాళం మార్పించిన బిల్లు ఫోటో తీసి అదే మెయిలుకి జత చేయండి. మూడూ కలిపి ఒక సాయంత్రం పని. సర్వర్ పడిపోయాక లాగ్స్ ఆన్ చేసి లాభం లేదని మనకంటే బాగా ఎవరికి తెలుసు? చావి పోతే కొత్తది చేయించే ఖర్చు ఇచ్చే యాడ్-ఆన్ కవర్లు కూడా చాలా కంపెనీలు అమ్ముతున్నాయి, రిన్యువల్ అప్పుడు ఒకసారి చూడండి.

ఇంతవరకూ మనం చేయగలిగింది. ఇప్పుడు మన చేతిలో లేనిది.

మా టీంలో ఒకాయన కారు చావి పోయింది. స్పేర్ ఉంది. పాత చావి తీసేసి కొత్తది కలపాలని షోరూం వాళ్ళని అడిగాడు. వాళ్ళు చెప్పిన రేటుకి మంచి స్మార్ట్‌ఫోన్ వస్తుంది, పైగా మూడు వారాలు ఆగాలి. "కొత్తది తర్వాత చూద్దాం, ముందు పాతదాన్ని తీసేయండి చాలు" అంటే, కొత్తది కొంటేనే ఆ పని చేస్తామన్నారు. బయట చేయించుకుంటానంటే వారంటీ పోతుందన్నారు. ఆయన మూడు వారాలూ కారుని బంధువుల అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దాచుకున్నాడు, దొంగిలించి తెచ్చినట్టు. డబ్బు పెట్టి కొన్న కారులో, తన చావీల జాబితాలోంచి ఒక లైను కొట్టేయడానికి ఆయనకి పర్మిషన్ లేదు. యూనిక్స్ తెలిసినవాళ్ళకి ఒక్క ప్రశ్న చాలు: ఈ బండికి రూట్ ఎవరు?

ఇది ఒక షోరూం పొగరు కాదు, వ్యవస్థ అలాగే కట్టారు. ఒక వినియోగదారుడు 2011లో కాంపిటిషన్ కమిషన్‌కి ఇచ్చిన ఫిర్యాదు మీద విచారణ జరిగింది. 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్ల రూపాయలకి పైగా జరిమానా వేసింది. విడిభాగాలు, రిపేరు మాన్యువల్స్, డయాగ్నస్టిక్ టూల్స్ బయటి మెకానిక్కులకి దొరక్కుండా చేశారన్నది అభియోగం. బయట రిపేరు చేయించుకున్నంత మాత్రాన వారంటీ పోతుందనడం కూడా తప్పని తేల్చింది. తర్వాత అప్పీళ్ళు, కోర్టులు మామూలే. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, డిసెంబరులో పోర్టల్ కూడా తెచ్చింది. అందులో ఎంచుకున్న నాలుగు రంగాల్లో వాహనాలు ఒకటి. కాగితం మీద దారి సరైనదే. కానీ చావి పోయినవాడు నిలబడే కౌంటర్ దగ్గరికి అదింకా రాలేదు.

దీనికి షోరూం వాళ్ళు, నిజానికి మనలో చాలామంది కూడా, చెప్పే జవాబొకటుంది. "ఆ టూల్స్ అందరికీ ఇస్తే దొంగలకి కూడా ఇచ్చినట్టే కదా?" కొట్టిపారేసే మాట కాదు. ఇమ్మొబిలైజర్ లేకపోతే ఏమవుతుందో అమెరికాలో చూశాం. అక్కడ హ్యుందాయ్, కియా చాలా మోడళ్ళలో అది పెట్టకుండా అమ్మాయి. 2021, 2022ల్లో యూఎస్‌బీ కేబుల్ ముక్కతో ఆ కార్లని ఎలా స్టార్ట్ చేయాలో వీడియోలు పాకి, పిల్లలు కూడా కార్లు ఎత్తుకుపోయారు. కెనడాలో 2007 నుంచే ఇమ్మొబిలైజర్ తప్పనిసరి కాబట్టి అక్కడ ఆ వీడియోలు పనికిరాలేదు. చిప్ ఉండాల్సిందే, అందులో నాకు అనుమానం లేదు.

కానీ చిప్ ఉండటం వేరు, దాని రహస్యం ఒక్క కంపెనీ పెట్టెలోనే ఉండటం వేరు. రహస్యం కాపాడితే తాళం గట్టిదవుతుందనే నమ్మకం చాలా పాతది, చాలాసార్లు ఓడిపోయింది. 1851లో లండన్ మహా ప్రదర్శనకి వచ్చిన హాబ్స్ అనే అమెరికన్, ఎవరూ తెరవలేరని ఇంగ్లాండ్ నమ్మిన చబ్ తాళాన్ని అరగంట లోపే తెరిచాడు. 200 గినీల పందెం కట్టి దశాబ్దాలుగా షాపు కిటికీలో పెట్టిన బ్రామా తాళాన్ని, మొత్తం 51 గంటలు కూర్చుని అదీ తెరిచాడు. ఇలాంటివి బయటపెడితే దొంగలకి మేలని అప్పుడూ గోల చేశారు. దొంగలకి ఆ విద్య ముందే తెలుసన్నది హాబ్స్ వాదన. మన కాలానికి వస్తే, మెగామోస్ అనే ఇమ్మొబిలైజర్ చిప్‌లో లోపాలు పరిశోధకులు కనిపెట్టారు. ఫోక్స్‌వాగన్ 2013లో బ్రిటన్ హైకోర్టుకి వెళ్ళి ఆ పేపరు ఆపించింది. రెండేళ్ళ తర్వాత 2015లో అది బయటికొచ్చింది. ఆ రెండేళ్ళూ చీకట్లో ఉన్నది ఎవరు? కార్ల సొంతదారులు. జేబులో ఉంచుకుంటేనే స్టార్టయ్యే కీలెస్ కార్ల సంగతీ అంతే. ఇంట్లో ఉన్న చావి సిగ్నల్‌ని బయట కారు దాకా సాగదీసి తెరవొచ్చని స్విట్జర్లాండ్ పరిశోధకులు 2011లోనే 10 మోడళ్ళ మీద చేసి చూపించారు. దొంగకి షోరూం టూల్ అక్కర్లేదు. అది లేక ఆగిపోయేది సొంతదారు, ఆయనకి సాయం చేయగలిగిన చావీవాలా, ఇద్దరే.

కాబట్టి నాకనిపించేది ఇది. కారు అమ్మిన రోజే చావీల జాబితా మార్చుకునే పిన్ సొంతదారు చేతికి ఇవ్వాలి, ఏటీఎం పిన్ కవరులో పెట్టి ఇచ్చినట్టు. పోయిన చావిని తీసేయడం, కొత్తది కొన్నా కొనకపోయినా, అడిగిన రోజే చేయాలి. బ్యాంకు కార్డు పోతే అర్ధరాత్రి ఫోన్ చేసి బ్లాక్ చేయించొచ్చు, లక్షల ఖరీదు చేసే కారు చావికి ఆ మాత్రం ఉండొద్దా? ఇక చావీవాలాకి టూల్స్, ట్రైనింగ్ అందుబాటులోకి రావాలి, దాంతోపాటు బాధ్యత కూడా. ఆర్సీ, ఐడీ చూడకుండా చావి చేయకూడదు, చేసినదానికి రిజిస్టరులో ఒక లైను ఉండాలి. ఇప్పటికే కొందరు అడుగుతారు, "ఆర్సీ ఉందా అన్నా" అని. మనమే విసుక్కుంటాం, "నా బండికి నన్నే అడుగుతావేంటి భాయ్" అని. అడిగిన చావీవాలాకి మాత్రమే పని ఇవ్వండి. అడగనివాడు రేపు మీ బండికి ఇంకెవరికో కూడా అడక్కుండానే చేసిస్తాడు.

బండి లేనివాళ్ళకి ఇదంతా ఎందుకంటారా? అశోక్‌నగర్ హాస్టల్ రూములు చూడండి. ఒక బ్యాచ్ నోటిఫికేషన్ కోసం వస్తుంది, రెండేళ్ళు ఉంటుంది, వెళ్ళిపోతుంది. ఇంకో బ్యాచ్ వస్తుంది. తలుపుకి తాళం అదే. దాని చావీలు కరీంనగర్లోనో కర్నూలులోనో ఎవరి డ్రాయర్లోనో ఇంకా ఉన్నాయి. వాళ్ళు మంచివాళ్ళే, తిరిగి ఇవ్వడం మర్చిపోయారంతే. కానీ మీ సర్టిఫికెట్లు, లాప్‌టాప్ ఉన్న గది పాస్‌వర్డ్ మీకు తెలియని డజను మంది దగ్గర ఉంది. కొత్త గదిలో దిగినరోజు బకెట్టూ మగ్గూ కొనేటప్పుడే ఒక తాళంకప్ప కూడా కొనండి. సెకండ్ హ్యాండ్ బండి కొన్నా అంతే. "ఒకటే చావి ఉందండి, ఇంకోటి ఎప్పుడో పోయింది" అని అమ్మేవాళ్ళు చాలా మామూలుగా చెప్తారు. ధర దగ్గర రెండు గంటలు బేరమాడే మనం ఆ మాట మాత్రం వినీ విననట్టు వదిలేస్తాం. లాక్‌సెట్ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి, తగ్గించిన డబ్బుతో నిజంగానే మార్పించండి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఇంట్లో ఉన్న చావీలన్నీ టేబుల్ మీద పోయండి. ఒక్కోటీ దేనిదో, దానికి మొత్తం ఎన్ని ఉండాలో, మిగతావి ఎవరి దగ్గర ఉన్నాయో ఒక కాగితం మీద రాయండి. అమ్మగారి దగ్గర ఒకటి, పనిమనిషి దగ్గర ఒకటి, ఊళ్ళో బీరువాలో ఒకటి, అలా. అరగంట పడుతుంది. లెక్క తేలినవి పక్కన పెట్టండి. తేలని తాళం ఒక్కటి కనిపించినా సోమవారం చావీవాలా దగ్గరికి వెళ్ళండి. ఈసారి కాపీ కోసం కాదు, తాళం మార్పించడానికి.